వరసలో నిలబడింది మా అయ్య

సరుకుల చీటీలు తప్ప నేను తెలుగులో రాసింది ఏమీ లేదు. రంగూన్‌లో మా పేటలో తెలుగు బడి ఒకటి ఉండేది. నేను నాలుగో తరగతిలో ఉండగా సర్కారు బడులన్నీ తీసేసుకుంది, మా బడికి తాళం పడింది. అక్కడిదాకా వచ్చిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. ఈ ఊళ్ళో కాగితం మీద పేరు పడితే ఎవరి తలుపు ఎప్పుడు తడతారో చెప్పలేం. మనుషుల్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

ఇదంతా ఒక చిన్న పుస్తకం మూలంగా వచ్చింది. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. కెనడాలో పార్లమెంటు మెంబరు ఒకాయన తన బతుకు కథని ఎన్నికల కోసం అచ్చు వేయించుకున్నాడు. పాత పద్ధతులు నిలబెట్టాలి, పన్నులు తగ్గించాలి, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు బతకాలి అనే సంప్రదాయవాదుల పార్టీ ఆయనది. ఆ పుస్తకం పన్నెండో పేజీలో, మేము బర్మా నుంచి దొడ్డిదారిన రాలేదు, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, ఎండలో వరసలో నిలబడి మా వంతు వచ్చాకే వచ్చాం అని ఉంది.

మా అమ్మాయి ఆ పేజీ చదివి తెలుగులో చెప్పింది. ఆ వరస నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని ఆ వరస దగ్గరికి వెళ్ళినదాన్ని నేనే. అందులో ఆ మెంబరు గానీ, ఆయన తండ్రి గానీ నిలబడలేదు. నిలబడింది మా అయ్య.

మొదటి నుంచి చెప్తాను.

మా తాత గంజాం నుంచి ఓడలో వచ్చి, ఒక పెద్ద ఇంట్లో బట్టలుతికి ఇస్త్రీ చేసే పనిలో కుదిరాడు. ఆయన తర్వాత ఆ ఇస్త్రీ పెట్టె మా అయ్య చేతికి వచ్చింది. ఆ ఇంటాయన రైల్వేలో ఆఫీసరు, తండ్రి ఇంగ్లీషు మనిషి, తల్లి బర్మా మనిషి. మేం దొర అనేవాళ్ళం. ఇంటి వెనక రెండు గదుల్లో మేముండేవాళ్ళం. ఆ ఇంటికి ఒక జాబితా కాగితం ఉండేది. యుద్ధానికి ముందు, తెల్లవాళ్ళ కాలంలో రాయించి సర్కారు ముద్ర వేయించింది. ఆ ఇంట్లో ఉండే ప్రతి మనిషి పేరూ అందులో ఎక్కాలి. పైన దొర వాళ్ళ పేర్లు, తర్వాత వంటవాడి పేరు. అడుగున మా తాత, మా అవ్వ, మా అయ్య, మా మేనత్త. నాలుగు పేర్లు. మా కుటుంబం అప్పటికే ఈ నేల మీద ఉందని చెప్పే కాగితం ఈ లోకంలో అదొక్కటే.

దొర చిన్నకొడుకే ఇప్పటి మెంబరు. నా ఈడువాడు. మేం చిన్నబాబు అనేవాళ్ళం. మా అమ్మ ఎండుచేప వేయించిందంటే ఆ వాసనకి వెనక గదిలో ప్రత్యక్షం. అయ్యను మావా అని పిలిచేవాడు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదే పని తనదంటే తనదని నాతో పోట్లాడేవాడు.

"ఏటి మావా, పెట్టి సల్లారిపోనాదా?" అని మా మాటలోనే అడిగేవాడు.

"సల్లారనేదు బాబూ, నీ బుగ్గల్లో గాలి దాసుకో, రేపూ కావాల," అనేవాడు అయ్య.

దొరసాని మేడ మీద నుంచి కేకేసేది. వీడు పోయేవాడు కాదు.

సైన్యం ప్రభుత్వాన్ని చేతుల్లోకి తీసుకున్నాక ఒక్కొక్కటీ పోయాయి. దుకాణాలు, మిల్లులు, బడులు. దొరని ఉద్యోగంలోంచి పొమ్మన్నారు. కెనడాలో ఆయన బంధువు ఎవరో రమ్మన్నాడు. మన తెలుగువాళ్ళు, ఒరియావాళ్ళు విశాఖపట్నం వెళ్ళే ఓడ కోసం పెట్టెలు కట్టుకున్నారు. మేమూ కట్టుకున్నాం. దేశం దాటాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆఫీసు ఒక్కటే, వరసలు రెండు. విమానంలో పోయేవాళ్ళది ఒకటి, ఓడలో పోయేవాళ్ళది ఇంకొకటి.

ఆ వరసల్లో మనవాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉండేది. రేవు కూలీల దగ్గర మొదలైందట, తర్వాత బియ్యం దుకాణం దగ్గరా అదే. నీళ్ళకో దేనికో వెళ్ళాల్సి వస్తే తన చోట ఒక చెప్పు వదిలి వెళ్ళాలి. చెప్పు ఉంటే మనిషి ఉన్నట్టే. వరస కదిలినప్పుడు వెనకున్నవాడు ఆ చెప్పుని కాలితో ముందుకి జరుపుతాడు. ఎంత తోపులాటలోనూ మనవాళ్ళెవరూ చెప్పుని దాటగా నేను చూడలేదు.

దొర ఎండకి ఆగలేడు. కూలీల మధ్య నిలబడటం నామోషీ కూడా. ఒక పొద్దున వెనక గదికి వచ్చి, తన కాగితాల కట్ట అయ్య చేతిలో పెట్టాడు. నువ్వెళ్ళి నిలబడు, వంతు దగ్గర పడ్డాక కబురు పెట్టు, నేనొస్తాను అన్నాడు.

ఆయన మెట్లు దిగాడో లేదో మా అమ్మ మొదలెట్టింది.

"మరి మన కాయితాలో?"

"అవీ అట్టుకెల్తాను. ఆపీసు ఒకటే కదేటి."

"లైన్లు రెండు కదా. ఒక్క మనిసివి రెండు కాడ ఎలా నిల్సుంతావు?"

"ఒక కాడ నాను, ఒక కాడ నా సెప్పు."

"అయితే సెప్పు దొర లైన్ల ఎట్టు. నువ్వు మన లైన్ల నిల్సో."

అయ్య కాస్త ఆలోచించాడు. "దొర పని సెప్పు ఎట్టి సేత్తామేటే? బాగుంతాదా?"

మా అయ్య చేసిన తప్పు అదే. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ కోపం ఆయన మీద కాదు.

మూడు రోజులు నిలబడ్డాడు. దొర వరసలో తను, ఓడ వరసలో ఎడమకాలి చెప్పు. నేను అన్నం తీసుకెళ్తే ఎడమ పాదం తారు రోడ్డు మీద ఆనకుండా మడమ ఎత్తి పెట్టుకుని ఉండేవాడు. మూడో రోజు నేను అక్కడుండగానే సిపాయి ఒకడు వచ్చాడు. ఓడ వరసలో మనుషుల మధ్య ఉన్న చెప్పులన్నీ బూటుతో తన్ని పక్కన కాలవలోకి తోశాడు. మనుషులు లేని వంతు వంతు కాదు అన్నాడు. ఉన్నవాళ్ళని లోపలికి పంపి, ఈ ఓడకి ఇక చాలు అని గేటు వేసేశాడు. అయ్య ఒక అడుగు అటు వేశాడు. చేతిలో దొర కాగితాలు, ముందు ఇద్దరే మనుషులు. మళ్ళీ వెనక్కొచ్చి నిలబడి, "బేగి పో, దొర్ని తీసుకురా" అని నన్ను తరిమాడు.

దొర రిక్షాలో వచ్చాడు. తెల్ల ప్యాంటు. అది ఇస్త్రీ చేసిందీ మా అయ్యే. అయ్య పక్కకి జరిగాడు, దొర ఆ చోట నిలబడ్డాడు. ఇద్దరు మనుషులు కదిలేంతసేపు. ఆ కుటుంబం ఎండలో వరసలో నిలబడటమంటే, మొత్తం మీద, అంతే.

అయ్య ఒక చెప్పుతో ఇంటికొచ్చాడు. మా అమ్మ గుమ్మంలోనే చూసింది.

"ఒక కాలు ఆలకి ఇచ్చీసి ఒక కాలుతో వొచ్చినావా?"

ఆఫీసులో అడిగితే, తర్వాతి ఓడకి ఇస్తాం అన్నారు. తర్వాత ఆ పైఓడకి అన్నారు. ఆ తర్వాత ఓడలే లేవన్నారు. ఇది విశాఖలోనో బరంపురంలోనో ఎవరైనా చదువుతుంటే, మీ వీధిలో ఉండాల్సినవాళ్ళం మేము.

దొరవాళ్ళని సాగనంపడానికి బస్సు ఎక్కి మింగళాడోన్ విమానాల దగ్గరికి వెళ్ళాం. చిన్నబాబు అయ్య కాలు పట్టుకుని, "మావా, నువ్వూ రా" అని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు నిజమే, అందులో అబద్ధం లేదు. ఇంటి జాబితా కూడా ఆ కాగితాల కట్టలోనే వెళ్ళిపోయిందని మాకు నెల తర్వాత గాని తెలియలేదు. అడిగితే పంపిస్తారులే అనుకున్నాం. క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చింది, మరో ఏడు ఇంకొకటి వచ్చింది, అంతే. ఇల్లు సర్కారు తీసుకుంది. మేం కాలవ అవతల తాకేటాలో ఒక గది చూసుకున్నాం. నేను పెద్దదాన్నయ్యాక పబేడాన్ సందులో దోసెల బండి పెట్టుకున్నాను. నా పెనిమిటి పోయాక అయ్య వచ్చి నాతో కూచుని ఉల్లిపాయలు తరిగేవాడు.

నాకు ఒక్కతే కూతురు. ఇక్కడ బడి చదువుకి ఆఖరిదైన పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంది. డాక్టరు చదువుతానంది. డాక్టరు చదువుకి ఈ దేశపు మనిషినని కార్డు ఉండాలి. మా దగ్గర ఉన్నది పరదేశి బుక్కు. నేను పుట్టింది ఇక్కడే, నా కూతురు పుట్టింది ఇక్కడే, అయినా మేం పరదేశులమే, ఏటా ముద్ర వేయించుకోవాలి. ఆఫీసులో గుమాస్తా ఒకాయన మంచిగా చెప్పాడు. మీ తాత ఉన్న ఇంటి పాత జాబితా తీసుకురా, లేదంటే ఆ ఇంటివాళ్ళ చేత వీళ్ళు మా ఇంట్లో ఉండేవాళ్ళు అని రాయించి సంతకం పెట్టించుకురా, నేను పైకి పంపిస్తాను అన్నాడు.

క్రిస్మస్ కార్డు మీది పాత అడ్రసుకి మా అమ్మాయి రెండు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. మూడోది రాద్దామనుకుంటూ ఉండగా చిన్నబాబే వచ్చాడు.

పొద్దున పూట, బండి దగ్గర జనం. తెల్ల చొక్కా గైడు ఒకతను సందులోకి వచ్చాడు, అతని వెనకే ఇంకో పొడుగు మనిషి, బట్టతల, ఎర్రగా కందిన మొహం, మెడలో కెమెరా. పాత ఇల్లు చూడటానికి వెళితే సిపాయి గేటు దగ్గరే ఆపేశాడట. ఆ వీధిలో ఎవరో మా బండి సంగతి చెప్పారట. ఆయన అయ్య ఎదురుగా వంగి నిలబడ్డాడు.

"ఏటి మావా, పెట్టి సల్లారిపోనాదా?"

అయ్య చేతిలో కత్తి ఆగిపోయింది. "ఓరి నాయనో! సిన్నబాబే! ఏటిలా ముసిలోడివైపోనావు, నీ బుగ్గల్లో గాలేదీ?"

ఆయనకి అర్థం కాలేదు. తెలుగులో ఆయనకి మిగిలింది ఆ ఒక్క మాటే. అయినా పగలబడి నవ్వాడు. అయ్య చేతులు పట్టుకున్నాడు. బల్ల మీద కూచుని మూడు దోసెలు తిన్నాడు, నాలుగోది అడిగాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక మా అమ్మాయి పని అయిపోయినట్టే అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

అప్పుడే ఆ పుస్తకం తీసి, సంతకం చేసి మా అమ్మాయికి ఇచ్చాడు. బొమ్మల్లో ఆయన బతుకంతా ఉంది. మంచు ఊళ్ళో తండ్రి పనిచేసిన ఇనప సామాన్ల దుకాణం, తర్వాత ఆ దుకాణానికే ఈయన యజమాని. ఊరి కౌన్సిలులో మెంబరు. ఒకసారి పార్లమెంటుకి నిలబడి ఓడిపోవడం, మళ్ళీ నిలబడి గెలవడం. మంచు పార పట్టుకుని ఒకటి, చర్చి ముందు భార్యాపిల్లలతో ఒకటి, జెండా కింద ఒకటి. పరాయి దేశాల నుంచి వచ్చేవాళ్ళ గురించి పార్టీ తరఫున మాట్లాడేది ఈయనేనట. పడవల్లో వచ్చేవాళ్ళు వరస దాటి వచ్చేవాళ్ళు, వాళ్ళని వెనక్కి పంపాలి అని చెప్పి గెలిచాడట.

ఆయన ఎదిగినందుకు నాకు ఏడుపు లేదు. మంచులో తెల్లారే లేచి దుకాణం తెరవడం కష్టమే, చేసే ఉంటాడు.

పేజీలు తిప్పుతున్న మా అమ్మాయి చెయ్యి ఆగింది. "అమ్మా, ఇది మన కాయితం కాదా?"

గోడకి తగిలించిన అద్దాల ఫ్రేము బొమ్మ అది. లోపల పాత కాగితం, పైన సర్కారు ముద్ర, కింద దొర తండ్రి పేరు, తల్లి పేరు, దొర పేరు, ఆ కింద వంటవాడి పేరు. మేము వెంట తెచ్చుకున్న ఆస్తి ఇదొక్కటే అని కింద రాశారు. వంటవాడి పేరు దగ్గర కాగితం మడిచేసి ఉంది. ఫ్రేములో పట్టించడానికి అడుగుభాగాన్ని వెనక్కి మడిచారు. మా నాలుగు పేర్లూ మడత వెనక ఉన్నాయి.

నేను చేతులు తుడుచుకుని గైడుకి బర్మా మాటలో చెప్పాను, అతను ఇంగ్లీషులో చెప్పాడు. బాబూ, ఆ మడత విప్పి ఒక ఫోటో తీసి పంపు. అది కుదరకపోతే, ఈ ముసలాయన మా ఇంట్లో పుట్టి పెరిగాడు అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. ఇప్పుడు పుస్తకం మీద పెట్టినట్టే. ఈ పిల్ల చదువు దాని మీద ఉంది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. వింటూ ఉండగానే మొహం మారి, పుస్తకంలో జెండా కింద ఉన్న మొహం అయిపోయింది. చాలాసేపు మాట్లాడాడు. గైడు దాన్ని కుదించి చెప్పాడు. తను ఒక దేశపు పార్లమెంటు మెంబరు, ఇంకో దేశపు కాగితాల్లో తలదూర్చకూడదు. తమ ఊళ్ళో అడిగినవాళ్ళకీ ఇదే చెప్తాడు. అడ్డదారి వద్దు, వరసలో నిలబడండి, మీ వంతు వస్తుంది. మేమూ అలాగే నిలబడ్డాం.

గైడు ఆఖరి మాట చెప్పి నా మొహం చూడకుండా తలదించుకున్నాడు.

అయ్యకి చెవులు సరిగా వినిపించవు. "ఏటంతన్నాడే?" అని నన్ను అడిగాడు.

"లైన్ల నిల్సోమంతన్నాడు. ఆలు కూడా అలాగే నిల్సున్నారంట."

అయ్య ముందు నవ్వాడు. పరాచికం అనుకున్నాడు. నా మొహం చూశాక నవ్వు ఆపి, ఆయన వైపు తిరిగాడు. "బాబూ, ఆ లైన్ల ఎవులు నిల్సున్నారు?"

చాలా మెల్లగా అడిగాడు. తెలుగులోనే అడిగాడు. ఆయన ఒక్క క్షణం అయ్య కాళ్ళ వైపు చూశాడు. చూశాడనే నాకు గట్టిగా అనిపిస్తుంది. తర్వాత భుజం తట్టి, "ఏటి మావా!" అని గట్టిగా నవ్వి, గైడుకి కెమెరా ఇచ్చి ఫోటో తీయించుకున్నాడు.

నాకు ఆగలేదు. "నిలబడింది మా అయ్య! చెప్పు అతనికి!" అని గైడు మీద అరిచాను. గైడు చుట్టూ చూసి, "అక్కా, మెల్లగా. టీ కొట్లో వినేవాళ్ళున్నారు. మీకేమైనా అయితే ఆయన విమానమెక్కి పోతాడు, మీరుంటారు" అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పనే లేదు. ఆ కుర్రాణ్ణి నేను ఏమీ అనను.

మూడు నెలలకి ఒక కవరు వచ్చింది. అందులో ఫోటో. అయ్య భుజం మీద ఆయన చెయ్యి. టైపు చేసిన ఉత్తరం, మీ దేశపు పద్ధతిని గౌరవిస్తూ మీకు మేలు జరగాలని కోరుకుంటున్నాను అని. ఒక క్యాలెండరు.

ఏదీ దారి లేక ఆ పుస్తకాన్నే ఆఫీసుకి పట్టుకెళ్ళాం. గుమాస్తా ఆ పేజీని కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూశాడు.

"ముద్ర మాదే. కాగితం నిజమైనదే. మడత వెనక ఏముంది?"

"మా తాత పేరు, సయా. మా అయ్య పేరు," అన్నాను. ఆఫీసుల్లో పెద్దల్ని ఇక్కడ సయా అనే పిలుస్తాం.

ఆయన పేజీ వెనక్కి తిప్పి చూశాడు. అది అచ్చుబొమ్మ అని తెలిసీ తిప్పాడు. "కనబడటం లేదు కదమ్మా" అన్నాడు. పుస్తకం రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఫ్రేము వెనక ఉండేవి నాలుగు చిన్న మేకులు. ఇనప సామాన్ల దుకాణం నడిపిన మనిషి. నాలుగు మేకులు తీసి ఒక మడత విప్పడానికి ఆయనకి పార్లమెంటు అడ్డొచ్చిందట! మడత విప్పితే మా పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు కనిపిస్తే, మరి వీళ్ళెవరు, వీళ్ళెందుకు రాలేదు అని అక్కడ ఎవరైనా అడుగుతారు. ఆయన భయం అదేనేమో. లేక అసలు గుర్తే లేదేమో. ఏది నిజమైనా నాకు మంట ఒక్కలాగే ఉంది. మా అయ్య మూడు రోజులు మడమ ఎత్తి నిలబడ్డ ఎండని ఆయన తన ఎండ అని అచ్చు వేయించుకున్నాడు. అది చెప్పి ఓట్లు అడిగాడు. అది చెప్పి ఎవరెవరి పడవలనో వెనక్కి పంపమన్నాడు.

డాక్టరు చదువుకి ఆ ఏడు గడువు దాటింది. వచ్చే ఏడు కూడా అడగొచ్చు అన్నారు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. అమ్మాయి చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్తోంది. మూడో ఉత్తరం నేనే చెప్పి రాయించాను. పార్లమెంటు అడ్రసుకి పంపాం. మిగతాదంతా తీసేసి ఒక్కటే అడిగాం: బాబూ, మేకులు తియ్యి. జవాబు ఇంకా రాలేదు.

పోయిన వారం బుక్కులకి ముద్ర వేయించుకోవడానికి ముగ్గురం ఆఫీసుకి వెళ్ళాం. వరస గేటు దాటి వీధిలోకి ఉంది. అయ్యకి నీరసం వచ్చింది, నీడలో కూచుంటానన్నాడు. వెళ్తూ వెళ్తూ అలవాటు కొద్దీ ఎడమకాలి చెప్పు విడిచి తన చోట పెట్టాడు. మా అమ్మాయి వంగి ఆ చెప్పు తీసి, ఆయన కాలికి తొడిగింది.

"సెప్పు ఎట్టకు తాతా. నీ కాడ నాను నిల్సుంతాను."

"మరి నీ కాడ ఎవులే?"

"మా అమ్మ."

"మరి మీ అమ్మ కాడ?"

వెనకున్న ముసలమ్మ నవ్వింది. ఎవరో తెలీదు, మనవాళ్ళే. "నానున్నాను, ఎల్లి కూకో అయ్యా. నన్ను దాటి ఎవులొత్తారో సూత్తాను" అంది.

అయ్య రెండు చెప్పులతో నడిచి వెళ్ళి నీడలో కూచున్నాడు. మేం మధ్యాహ్నం దాటేదాకా ఎండలోనే ఉన్నాం.